పంచుకుంటే వేరే రేటు

2024 డిసెంబరు ఏడు, శనివారం. ఆ పొద్దున ధర్మ తిన్నది రాగి అంబలి, నిప్పుల మీద కాల్చిన ఎండు మెత్తళ్లు, రెండు పచ్చిమిరపకాయలు. ఆ తేదీ, ఆ తిండి అతనికి ఇంతగా గుర్తుండిపోవడానికి కారణం ఉంది. ఆ సాయంత్రమే విశాఖపట్నంలో ఒక పబ్బులో గుప్పెడు వేయించిన వేరుశెనగ గుళ్లు పళ్లెంలో పోసి అతని ముందు పెట్టారు. వాటికి వేసిన ధర చూశాక, పొద్దున తిన్న మెత్తళ్లు మళ్లీ గొంతులోకి వచ్చినంత పనయింది.

ధర్మది డుంబ్రిగుడకి పైన, కొండవాలులో చిన్న ఊరు. కుర్రతనంలో విశాఖలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివాడు. ఆ తర్వాత కాఫీ తోటల పథకంలో చాలాకాలం కొండలెక్కి దిగాడు. మోకాళ్లు మొరాయించాక ఆ పని మానేసి, సొంత కాఫీ మొక్కలు, వాటి మధ్య మిరియాల తీగలు చూసుకుంటున్నాడు. భార్య రాజకుమారి పోయి మూడేళ్లు. ఆమె పోయాక ఆమె తండ్రి భీముడు ఒక దుప్పటి, గీతకత్తి, కల్లు పట్టే ఆనపబుర్ర చంకన పెట్టుకుని దిగి, "ఈ ఇంట్లో వొంట ఎవులు సేత్తారు?" అని అడిగాడు. జవాబు కోసం చూడకుండానే పొయ్యి దగ్గర కూర్చున్నాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో మామా అల్లుడూ ఇద్దరే.

ఇంటి వెనక జీలుగు చెట్టు ఉంది, తాటిచెట్టులా కల్లు ఇచ్చేది. దాన్ని ఎవరూ నాటలేదు. ఏ మానుపిల్లో పండు తిని వదిలిన గింజ, తనంతట తాను మొలిచింది. రాజకుమారి చూసి, మేకలు కొరక్కుండా చుట్టూ ముళ్లకంప కట్టింది. ఆ ఊళ్లో మొక్కకి కంప కట్టినవాళ్లదే చెట్టు. ఎక్కి గీసేవాడిది కల్లులో సగం. అలా చూస్తే చెట్టు రాజకుమారిది, ఆమె తర్వాత ధర్మది. గీత భీముడిది. ఇద్దరిలో ఏ ఒక్కరు వద్దన్నా ఆ చెట్టు బయటివాళ్ల చేతికి పోదు. అది మొదటి గెల వేసిన ఏడే రాజకుమారి పోయింది.

జీలుగు కల్లు తాగడానికి అక్కడ ఒక పద్ధతి ఉంది. చెట్టు దిగినవాడు బుర్రలోంచి అడ్డాకు దొన్నెలోకి వంచి, మొదటి చుక్కలు నేలకి వదులుతాడు. అవి పోయిన పెద్దలకి. తర్వాత గుక్క తనే తాగుతాడు, ఇందులో ఏ కల్తీ లేదని చూపించడానికి. ఆ పైన దొన్నె చేతులు మారుతుంది. అందరికీ ఒకసారి అందేదాకా రెండోసారి ఎవరూ అడగరు. దారిన పోయేవాడు ఆగితే అతనికీ ఇస్తారు. పక్కన ఒక మనిషి ఖాళీ చేతులతో కూర్చుని ఉండగా తాను తాగడం ఆ ఊరివాళ్లకి చేతకాదు. సంతలో కల్లు అమ్ముకుంటారు, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. చెట్టు మొదలు దగ్గర మాత్రం డబ్బు మాట రాకూడదు.

రాజకుమారి పోయిన కొత్తలో ధర్మ చెట్టు దగ్గరికి వెళ్లలేదు. అసలు ఇంట్లోంచే బయటికి రాలేదు. అప్పుడు రోజూ పొద్దుగూకే వేళకి ఎవరో వచ్చి, గడప మీద కల్లుదొన్నె పెట్టి, దాని మీద ఇంకో ఆకు కప్పి పోయేవారు. పిలిచేవారు కాదు, తలుపు తట్టేవారు కాదు. ఒక సాయంత్రం ధర్మ తలుపు సందులోంచి చూశాడు. వచ్చినవాడు పక్కింటి సోంబరు. ఆకు గాలికి ఎగిరిపోకుండా దాని మీద చిన్న గులకరాయి పెట్టి, అడుగుల చప్పుడు కాకుండా వెళ్లిపోయాడు. మర్నాడు ధర్మ తనంతట తాను వెళ్లి చెట్టు కింద కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు. ముసలి ముత్యాలమ్మ మాత్రం కాస్త జరిగి చోటిచ్చింది. ఆ రోజు నుంచి అతను మళ్లీ మనుషుల్లో పడ్డాడు.

ఆ చెట్టు మీదికే బేరం వచ్చింది.

నవంబరులో కిరణ్ అనే కుర్రాడు తెల్లకారులో ఊళ్లోకి వచ్చాడు. విశాఖలో అతనికి పబ్బు ఉంది. మర్యాద తెలిసినవాడే. చెప్పులు బయట విడిచి, అరుగు మీద కూర్చుని, ఇచ్చిన కాఫీ మెచ్చుకుని మరీ తాగాడు.

"అంకుల్, సిటీలో జనాలకి ఇప్పుడు బీరు బోర్ కొట్టేసింది. వాళ్లకి స్టోరీ కావాలి. మీ చెట్టుకి స్టోరీ ఉంది," అన్నాడు.

భీముడు పొయ్యి దగ్గర్నుంచి తొంగిచూశాడు. "నా గీత మీద సినిమా తీత్తాడేటి అల్లుడూ?"

సినిమా కాదు. ఊళ్లో ఉన్న జీలుగు చెట్లన్నిటికీ సున్నం పూసిన కుండలు కడతారు. సున్నం ఉంటే నీరా పులియదు, తియ్యగానే ఉంటుంది. తెల్లారకముందే వ్యాను వచ్చి ఐసుపెట్టెల్లో పెట్టుకుని దిగిపోతుంది. పబ్బులో దానికి జిన్ను కలిపి అమ్ముతారు. చెట్టుకింతని నెలనెలా అద్దె. అద్దె తక్కువేం కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. పక్క ఊళ్లో నాలుగు చెట్లు అప్పటికే వాళ్ల చేతిలో ఉన్నాయి.

"ఒక్కటే కండిషన్ అంకుల్. మా కుండ ఎక్కిన చెట్టుకి ఇంకో బుర్ర ఎక్కకూడదు. లోకల్‌గా తాగడం ఉండకూడదు. క్వాలిటీ కోసం."

సోంబరు తన రెండు చెట్లూ ఆ రోజే ఇచ్చేశాడు. అతని కూతురు సోని విశాఖలో నర్సింగు చదువుతోంది. "నాకు గుంట ఫీజు ఉంది బావా. నన్నేటీ అనకు," అన్నాడు ధర్మతో, తల ఎత్తకుండా. "నిన్నెందుకంటాన్రా," అన్నాడు ధర్మ. నిజంగానే అతనికి సోంబరు మీద కోపం రాలేదు.

భీముడికి కూడా ఇచ్చెయ్యాలనే ఉంది. ముందరి పళ్లు ఊడిపోయి చాలా రోజులైంది. విశాఖలో పళ్ల సెట్టు కట్టిస్తారని విన్నాడు. దానికంటే ఎక్కువ, తను గీసిన కల్లు పెద్దపెద్దవాళ్లు అద్దాల మేడలో కూర్చుని తాగుతారన్న మాట అతని నెత్తికెక్కింది. చెట్టు కింద కూర్చున్నవాళ్లందరికీ చెప్పుకున్నాడు. ముత్యాలమ్మ విని విని, "అయితే ఇంక మాకు పొయ్యొద్దు. నీ సెయ్యి ఖరీదైపోనాది," అంది.

ధర్మకి ఇవ్వబుద్ధి కాలేదు. కానీ డెబ్బై దాటిన మనిషి తన పళ్ల గురించి ఆశపడుతుంటే, నా మనసుకి బాగులేదు అని ఎలా చెప్పడం? కాస్త ఆలోచించుకుంటానన్నాడు. "ఒకసారి వచ్చి మా ప్లేస్ చూడండి అంకుల్, మీకే నచ్చుతుంది," అన్నాడు కిరణ్. అలా ఆ శనివారం, చీకటితోనే అంబలీ మెత్తళ్లూ తిని, ఐసుపెట్టెల వ్యానులో డ్రైవరు పక్కన కూర్చుని ధర్మ కొండ దిగాడు.

పబ్బు పేరు 'చెట్టు కింద'. బోర్డు మీద పేరు చూసి ధర్మ కొంచెం సంతోషించాడు కూడా. వాకిట్లో కండలు తిరిగిన ఒకతను అతని మణికట్టు మీద ముద్ర కొట్టాడు, సంతలో మేకలకి వేసినట్టు. లోపల నడిమధ్య నిజంగానే ఒక చెట్టు ఉంది. జీలుగు చెట్టే. మొవ్వు నుంచి గెలదాకా అచ్చు దించేశారు. ధర్మ వేలితో తట్టి చూస్తే ప్లాస్టిక్ బకెట్టు చప్పుడు వచ్చింది. దాని చుట్టూ ఉన్న బల్లలకి వేరే రేటు అట. చెట్టు కింద అని పేరు పెట్టి, చెట్టు కింద కూర్చుంటే ఎక్కువ తీసుకుంటున్నారన్నమాట.

కిరణ్ అతన్ని గోడవారగా మంచి చోటే కూర్చోబెట్టి, "మీరు గెస్ట్ అంకుల్, ఏం కావాలన్నా అడగండి," అని చెప్పి వేరేవాళ్లని పలకరించడానికి వెళ్లాడు. ధర్మ బల్ల మీది ధరల అట్టముక్క తెరిచి చదివాడు. 'అరకు సర్కిల్' అని ఉంది. 'కొండల మీది గిరిజనులు చెట్టు మొదట గుండ్రంగా కూర్చుని, ఒకే ఆకుతో పంచుకునే ప్రాచీన పానీయం. తొలి చుక్క నేలతల్లికి.' పక్కన ధర, ఎనిమిది వందల యాభై. పన్నులు అదనం.

ఆ ధర ఒక చిన్న కాగితమ్ముక్క మీద అచ్చువేసి అతికించి ఉంది. ధర్మ గోటితో దాని అంచు లేపాడు. కింద ఆరు వందల తొంభై. అదీ అతికించిందే. దాన్నీ లేపితే కింద అయిదు వందల ఇరవై. ధర మీద ధర ఇలా పేరుకోవడానికి ఎన్నాళ్లు పట్టి ఉంటుంది? పబ్బు పెట్టి ఏడాది కూడా కాలేదని వ్యాను డ్రైవరు దారిలో చెప్పాడు. తను చదువుకునే రోజుల్లో నలుగురు కుర్రాళ్లు చిల్లర పోగేసి ఒక బీరు కొనుక్కుని, బీచి ఇసకలో కూర్చుని, చీకటిపడేదాకా ఊళ్లు ఏలేవారు. ఆ బీరుతో ఎవరికీ మత్తెక్కలేదు. మాటలకే ఎక్కేది. ఇక్కడ మంచినీళ్ల సీసాకి ఒక రేటు, పాటలు వాయించే రోజున ఇంకో రేటు. శనివారం అందరికీ సెలవు కాబట్టి శనివారానికి వేరే రేటు. మనిషికి కాస్త తెరిపి దొరికే పూట చూసి మరీ మెడ మీద కాలు పెడుతున్నారనిపించింది ధర్మకి.

సర్కిల్ వచ్చింది. అడ్డాకు దొన్నె, దానికి ఒక స్టీలు స్టాండు. ధర్మ దొన్నె చేతిలోకి తీసుకుని, అలవాటు కొద్దీ రెండు చుక్కలు నేలకి వదిలాడు. ఎక్కడినుంచి వచ్చాడో ఒకతను తుడుపుకర్రతో వచ్చి ఆ చుక్కలు తుడిచేసి, "పర్లేదు సార్, ఒలికిపోతుంటాయి," అన్నాడు. అట్టముక్క మీద నేలతల్లి గురించి రాసింది చదివినవాళ్లు అక్కడ పనిచేసేవాళ్లలో లేరని తేలిపోయింది.

ధర్మ ఒక గుక్క తాగాడు. జిన్ను వాసన అడుగున ఎక్కడో మన కొండ తీపి తగిలింది. రెండో గుక్కకి దొన్నె ఎత్తబోతుండగా పక్క బల్ల దగ్గర మాటలు వినపడ్డాయి.

అక్కడ ఒక అమ్మాయి, ఒక అబ్బాయి కూర్చున్నారు. ఇద్దరి మధ్యా ఒకటే దొన్నె, అందులో రెండు గొట్టాలు. సర్వర్ వంగి మెల్లిగా చెబుతున్నాడు.

"మేడం, ఒక సర్కిల్ ఒక పర్సన్‌కే. పంచుకుంటే వేరే రేటు. షేరింగ్ ఛార్జ్ పడుతుంది."

"పేరు సర్కిల్ కదండీ," అంది ఆ అమ్మాయి. "సర్కిల్‌లో ఒక్కడే కూర్చుంటాడా?"

"కింద రాసి ఉంది మేడం."

"కింద కాదు, భూతద్దం కింద రాసి ఉంది." ఆమె అట్టముక్క కళ్లకి దగ్గరగా పెట్టుకుని చదివింది. "పోయిన నెల ఈ ఛార్జ్ లేదుగా?"

"ఒకటో తారీకు నుంచి పెట్టారు."

అబ్బాయి తన గొట్టం తీసి బల్ల మీద పెట్టేశాడు. "వదిలెయ్ రమ్యా. నువ్వు తాగు. నాకు పెద్దగా ఇష్టం కూడా లేదు."

"అబద్ధం చెప్పకు. ఇవాళ నీ ఉద్యోగం పోయింది. నేను తాగుతుంటే నువ్వు చూస్తూ కూర్చుంటావా?"

అతను నవ్వడానికి ప్రయత్నించి, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఖాళీ చేతులు. ధర్మ చేతిలో దొన్నె అక్కడే ఆగిపోయింది. అతనేమీ ఆలోచించలేదు. లేచి, దొన్నె పట్టుకుని వాళ్ల బల్ల దగ్గరికి వెళ్లి, వాళ్లు చూస్తుండగా ఒక గుక్క తాగి, మిగిలిందంతా ఆ అబ్బాయి ముందున్న నీళ్ల గ్లాసులో పోశాడు.

"తాగు నాయనా. నేను ముందు తాగాను, భయం లేదు."

అబ్బాయి తెల్లబోయి అతని ముఖంలోకి చూశాడు. ఎవరు మీరు అని అడగొచ్చు, వద్దని తోసెయ్యొచ్చు. అతను ఆ రెండూ చెయ్యలేదు. గ్లాసు ఎత్తి తాగాడు. "తియ్యగా ఉందండీ," అన్నాడు. ఆ ఒక్క మాటకి ధర్మ ప్రాణం కుదుటపడింది.

"చెట్టు దగ్గరైతే ఇంకా బాగుంటుంది," అన్నాడు.

ఆ నెమ్మది బిల్లు వచ్చేదాకే. ఆ పిల్లల బిల్లులో షేరింగ్ ఛార్జ్ రెండుసార్లు పడింది. వాళ్లిద్దరూ పంచుకున్నందుకు ఒకసారి, పక్క బల్ల నుంచి పోయించుకున్నందుకు ఇంకోసారి. ధర్మ సర్వర్‌ని పిలిచాడు. "పోసింది నేను. వాళ్లకెందుకు వేశావు?"

సర్వర్ పైకి చూపించాడు. "కెమెరా ఉంది సార్. వెయ్యకపోతే నా జీతంలో పోతుంది." ఆ మాట చెప్పేటప్పుడు అతని మొహంలో సిగ్గు కనపడింది. ధర్మ అతన్ని వదిలేశాడు. కిరణ్ కోసం వెతుక్కుంటూ వెళ్లాడు.

"అయ్యో అంకుల్, మీకు బిల్లు లేదు, మీరు గెస్ట్."

"నా సంగతి కాదు. ఆ పిల్లలకి వేసింది తీసెయ్యండి."

"సిస్టమ్‌లో పడిపోయింది అంకుల్. ఒకరికి తీస్తే అందరూ అడుగుతారు." కిరణ్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "మీరు మంచోళ్లు. బిజినెస్‌లో ఇవన్నీ ఉంటాయి."

ధర్మ వెనక్కి వచ్చి జేబులోంచి నోట్లు తీశాడు. రమ్య ఒప్పుకోలేదు. "మీరెందుకండీ ఇవ్వడం? అసలు మీది ఏ ఊరు?"

చెప్పాడు. ఆమె అట్టముక్క వైపు చూసింది, అతని వైపు చూసింది. "అయితే ఇందులో రాసింది మీ గురించేనా?"

ధర్మ అట్టముక్క మూసి పక్కకి జరిపాడు.

"ఇంక ఇక్కడికి రాం లెండి," అంది ఆమె డబ్బు కడుతూ. "ఇంతకుముందు వెళ్లే చోటూ ఇలాగే అయింది. బీచిలో కూర్చుంటే పోలీసులు లేపుతారు, గదిలో తాగితే ఓనరు అరుస్తాడు. ఓ గంట కూర్చుని మాట్లాడుకోడానికి ఈ ఊళ్లో చోటు లేదండీ."

మర్నాడు పొద్దున కిరండూల్ పాసింజరులో కిటికీ పక్కన కూర్చుని, సొరంగం తర్వాత సొరంగం దాటుతున్నంతసేపూ ధర్మకి అదే ఉడుకు. రేటు ఎక్కువైతే తాగడం మానుకుంటారు, అది వాళ్లిష్టం. అద్దాలకి, దీపాలకి, బకెట్టు చెట్టుకి ఎంతైనా వేసుకోండి. కానీ ఒక మనిషి తన చేతిలోది ఇంకో మనిషికి పోస్తే దాని మీద కూడా వసూలా? అందులో వీళ్లు పెట్టిన పెట్టుబడి ఏముంది? పైగా అది మా దగ్గర నేర్చుకున్నామని అట్ట మీద రాసి, బొమ్మ వేసి, దాన్నే చూపించి మనుషుల్ని లోపలికి పిలుస్తారు. పిలిచాక, అచ్చం అలాగే చేసినవాడికి జరిమానా. గడప మీద దొన్నె పెట్టి, ఆకు కప్పి, రాయి పెట్టి వెళ్లిన సోంబరుకి వీళ్ల లెక్కన ఎంత వెయ్యాలి? ధర్మ పెద్దగా కోప్పడే మనిషి కాదు. ఆ పూట మాత్రం శనగలమ్మే ఆమె వచ్చి అడిగితే విసుక్కున్నాడు. తర్వాత ఆమె కోసం పెట్టె చివరిదాకా వెళ్లి రెండు పొట్లాలు కొన్నాడు.

ఇంటికి రాగానే భీముడు ఎదురొచ్చాడు. "ఏటన్నారు? నా నీరా బాగుందన్నారా?"

ధర్మ జరిగిందంతా చెప్పాడు. రేటు విన్నప్పుడు భీముడి కళ్లు మెరిశాయి. పంచుకుంటే డబ్బు వేస్తారన్న దగ్గర మాత్రం మొహం ముడిచాడు.

"తాగినోడి కాడ తీసుకుంతారు, అవును. పోసినోడి కాడ, పోయించుకున్నోడి కాడ ఏటి తీసుకుంతారు? ఎక్కడైనా ఉంటాదా అది?"

"ఉంది మావా. నేనే చూశాను."

"నీకు సెట్టు ఇవ్వడం ఇష్టం లేదు. అది సెప్పు. కతలు కట్టకు. పళ్లు లేనోడికి బుర్ర కూడా ఉండదనుకుంతన్నావేటి?"

ఆ వారమంతా మామా అల్లుడూ అవసరానికి మించి మాట్లాడుకోలేదు. భీముడు అంబలి వడ్డించి, గిన్నె చప్పుడయ్యేలా పెట్టేవాడు. ధర్మకి అతని మీద కోపం లేదు, దిగులుగా ఉంది. కాదంటే మామ ఆశ కూలుతుంది. సరేనంటే పొద్దున చెట్టు కింద మనుషులుండరు. సున్నం కుండ ఎక్కాక అక్కడ కూర్చోవడానికి ఎవరికీ పని ఉండదు. అప్పటికే సోంబరు చెట్లకి కుండలు కట్టేశారు. సోంబరు రెండు రోజులు చెట్టు కిందికి వచ్చి, మూడో రోజు నుంచి రావడం మానేశాడు. పొలానికి వెళ్లడానికి కూడా వాగు వైపు నుంచి చుట్టు తిరిగి పోతున్నాడు. ఎందుకో అందరికీ తెలుసు. వస్తే దొన్నె ఇస్తారు. తన చెట్టు నుంచి తిరిగి పొయ్యడానికి అతని దగ్గర చుక్క లేదు.

తర్వాతి శనివారం పొద్దున కిరణ్ జవాబు కోసం వస్తూ, కొత్త కుండలు కూడా కారులో వేసుకొచ్చాడు. భీముడు అప్పటికే ఉతికిన చొక్కా తొడుక్కుని, మెట్లలా కణుపులు వదిలిన వెదురుబొంగు మీదుగా చెట్టెక్కి దిగి ఉన్నాడు. చుట్టూ నలుగురైదుగురు కూర్చున్నారు. కిరణ్ కూడా వాళ్ల మధ్యనే గొంతుక్కూర్చున్నాడు. భీముడు దొన్నెలోకి వంచి, చుక్కలు నేలకి వదిలి, ఒక గుక్క తాగాడు. కొత్తవాడు కాబట్టి ముందు కిరణ్‌కే చాచబోయి, మధ్యలో చెయ్యి ఆపాడు.

"బాబూ, ఒక మాట. మా అల్లుడు సెప్పినాడు, నాను నమ్మలేదు. మీ కాడ ఒకడు తనది ఇంకోడికి పోత్తే డబ్బులేత్తారంట. నిజవేనా?"

కిరణ్ ధర్మ వైపు ఒకసారి చూసి నవ్వాడు. దాచలేదు, దానికి మెచ్చుకోవాలి. "నిజమే తాతా. అక్కడ సంగతి వేరు. బిల్డింగ్ అద్దె పెంచేశారు. లైసెన్స్ ఫీజు పెరిగింది. పాట వేస్తే దానికీ కట్టాలి. నలుగురొచ్చి ఒక్క గ్లాసు పెట్టుకుని పొద్దుపోయేదాకా కూర్చుంటే నేను మునిగిపోతాను కదా?"

భీముడు ఆ మాటలు నమిలినట్టు దవడలు ఆడించాడు. "నిజవేనన్నమాట," అన్నాడు, ఎవరితోనో కాదు, తనతోనే.

ధర్మ కిరణ్ వైపు తిరిగాడు. "నీ ఖర్చులు పెరిగాయంటే నమ్ముతాను బాబూ. కావాలంటే గ్లాసు రేటు పెంచుకో, జనం వస్తారో మానతారో నీ అదృష్టం. చెట్టు అద్దెకి తీసుకున్నావు, కుండ కట్టావు, నీరా కొన్నావు. సరే. ఈ పంచుకోవడం ఎప్పుడు కొన్నావు? ఎవరమ్మారు నీకు? మా పేరు రాసి, మా బొమ్మ వేసి, ఉద్యోగం పోయిన పిల్లాడి దగ్గర వసూలు చేశావు. నా చేత్తో పోసినదానికి వసూలు చేశావు. ఈ చెట్టుకి నా భార్య కంప కట్టింది. దీని కింద ఆ పని జరగడానికి నేను ఒప్పుకోను."

కిరణ్ మొహం ఎర్రబడింది. లేవబోయాడు. భీముడు అతని మోకాలు మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, ఆపిన దొన్నె అతని చేతిలో పెట్టాడు.

"తాగు. అంత దూరం నుంచి వొచ్చినావు. ఇది నీ వొంతు. కుండలు మట్టుకు బేగి కార్లో ఎట్టుకో. నా గీత మీద అవి ఎక్కవు."

కిరణ్ ఏం చెయ్యాలో తెలియక తాగాడు. తాగాక అతని చెయ్యి అలవాటుగా వెనక జేబు మీదికి పోయింది.

"జేబులోంచి సెయ్యి తియ్యి బాబూ," అంది ముత్యాలమ్మ. "మాకు రేటు కట్టడం రాదు. నీ కాడ నేర్సుకుందామంటే మాకు భూతద్దం లేదు." ధర్మ చెప్పిన కబురు చెట్టు కింద అప్పటికే అందరి నోళ్లలో నానింది. ఒకరిద్దరు నవ్వారు. కిరణ్ కూడా నవ్వాలని చూశాడు. పాపం, కుదరలేదు.

కారు వెళ్లిపోయాక భీముడు చాలాసేపు ఆ దారివైపే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత అల్లుడి వైపు తిరిగి, "మిరియాలు అమ్మినాక నా పళ్ల సంగతి సూడు. సినిమా పోనాది, పళ్లైనా రానీ," అన్నాడు. చూస్తానన్నాడు ధర్మ. ఆ రోజు మధ్యాహ్నం గిన్నె చప్పుడు కాలేదు.

దీనివల్ల లోకం ఏమీ మారలేదు. కిరణ్‌కి చెట్లు దొరక్కపోలేదు, ఇంకో రెండు ఊళ్లలో కుండలు కట్టించాడు. తెల్లారకముందే వ్యాను వచ్చిపోతూనే ఉంది. సోని ఫోనులో తండ్రితో చెప్పిందట, దొన్నె ఇప్పుడు వెయ్యి దాటిందని, అయినా శనివారం బయట వరస కడుతున్నారని. ఆ అట్ట మీద ఇప్పుడు ఇంకో కాగితమ్ముక్క అతికించి ఉంటారు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ధర్మకి ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

కానీ కిరణ్ వెళ్లిపోయిన ఆ సాయంత్రం ధర్మని కుదురుగా కూర్చోనివ్వనిది వేరే ఉంది. భీముడు పొద్దుగూకే ముందు మళ్లీ చెట్టెక్కి దిగాడు. చెట్టు కింద అందరికీ దొన్నె తిరిగింది. పక్కింటి అరుగు మీద సోంబరు వీపు ఇటు తిప్పి కూర్చుని, ఏదో తాడు పేనుతున్నాడు. పిలవాలని ధర్మ నోరు తెరిచాడు. పిలిస్తే అతను రావాలి, వస్తే తలవంచుకుని తాగాలి. నోరు మూసుకున్నాడు. కాసేపటికి సోంబరు తాడు చుట్టుకుని లోపలికి పోయాడు.

మంచు దిగుతోంది. ఇళ్ల కప్పుల మీద పొగ పైకి పోలేక అక్కడే ఆగింది. ఆనపబుర్రలో మిగిలిన కల్లు ధర్మ కొత్త దొన్నెలోకి వంచాడు. తను ఒక గుక్క తాగాడు. ఇంకో ఆకు తుంచి, దొన్నె రెండు చేతులా పట్టుకుని సోంబరు ఇంటి వరకు నడిచాడు. తలుపు ఓరగా ఉంది, లోపల పొయ్యి వెలుగు. గడప మీద దొన్నె పెట్టి, ఆకు కప్పాడు. నేల మీద తడిమితే ఒక గులకరాయి దొరికింది. దాన్ని ఆకు మీద పెట్టి, చప్పుడు కాకుండా వెనక్కి వచ్చాడు.

తన అరుగు ఎక్కి, స్తంభం చాటున ఆగి చూశాడు. చాలాసేపు ఏమీ జరగలేదు. భీముడు లోపలినుంచి, "అల్లుడూ, అంబలి సల్లారిపోతంది," అన్నాడు. "వస్తున్నా మావా," అన్నాడు ధర్మ గొంతు తగ్గించి, కదలకుండానే.

అప్పుడు పక్కింటి తలుపు సందులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. ముందు రాయి తీసి గడప పక్కన పెట్టింది, మళ్లీ పనికొస్తుందన్నట్టు. తర్వాత దొన్నె లోపలికి తీసుకుంది. కాసేపటికి సోంబరు, ఎవరికీ వినపడకూడదన్నట్టు, మెల్లిగా తలుపు వేసుకున్నాడు.